స్కోరు బల్ల దగ్గర వదిన

పసుపు జట్టు ఓడిన మర్నాడు వదిన ల్యాబ్‌లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు. పక్క కౌంటరు అమ్మాయి "తలనొప్పా మేడమ్?" అని అడిగితే అవునంటుంది. తలనొప్పీ కాదు, పాడూ కాదు. ముందురోజు సాయంత్రం పద్నాలుగో నంబరు పిల్ల కొట్టిన బంతి గీతకు బెత్తెడు అవతల పడింది. ఆ బెత్తెడు దూరం మర్నాడంతా ఆమెను పీక్కుతింటుంది.

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి లేకపోలేదు గానీ ఇప్పుడు దాన్ని వాడే నాథుడు లేడు. అంతా ఆడపడుచు పుణ్యం. కొత్తగా కాపురానికొచ్చిన రోజు నుంచి వీధి చివరిదాకా వినిపించేలా "వదినా!" అని పిలిచి పిలిచి, చివరికి కింది వాటా ముసలాయన, ల్యాబ్ వాచ్‌మన్ కూడా వదిన అనే స్థితికి తెచ్చిపెట్టింది. ఆడపడుచు స్కూలు వ్యాను నడుపుతుంది. ముప్ఫై మంది పిల్లల గోల మధ్య నుంచి పక్క లారీవాణ్ణి తిట్టి, ఆ తిట్టు వాడికి చేరేలా చూడాలంటే మామూలు గొంతు చాలదు. ఆ గొంతు ఆవిడకు పుట్టుకతోనే వచ్చింది.

ఈ వాలీబాల్ పిచ్చి కూడా ఆడపడుచు అంటించిందే. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం, "ఇంట్లో కూర్చుని దుమ్ము దులుపుకునే బదులు నాతో రా వదినా, ఆడవాళ్ళ లీగు మొదలైందట, మన ఊరికీ ఒక టీమ్ ఉందట" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. వదిన గొణుక్కుంటూనే వెళ్ళింది. మూడో సెట్టు అయ్యేసరికి కుర్చీలో కూర్చోలేకపోయింది. అప్పటి నుంచి ఆ పసుపు చొక్కాల జట్టు గెలిస్తే ఆమెకు తిండి సయిస్తుంది, ఓడితే సయించదు. వాళ్ళాయన మొదట్లో నవ్వాడు. తర్వాత్తర్వాత, "ఇంట్లో ఇద్దరు పిచ్చోళ్ళతో వేగలేక చస్తున్నా" అని ఆదివారాలు తన వంట తనే చేసుకోవడం నేర్చుకున్నాడు.

ఆడపడుచులా అరిచే మనిషి కాదు వదిన. ఆమెది లోలోపల కుమిలే తత్వం. సెట్టు బిగుసుకుందంటే చేతులు వణికేవి. ఆ వణుకు ఆపడానికి ఒక నోట్‌బుక్ పట్టుకుని, ఎవరి తర్వాత ఎవరు సర్వీసు చేస్తున్నారో రాసుకోవడం మొదలుపెట్టింది. ల్యాబ్‌లో ఆమె చేసే పనీ అదే కదా. రక్తం గొట్టాల మీద లేబుళ్ళు అంటించడం. పేరు, వయసు, నంబరు మూడుసార్లు సరిచూసి అప్పుడు అంటిస్తుంది. పద్నాలుగేళ్ళలో ఒకరి గొట్టం మీద ఇంకొకరి పేరు పడింది లేదు. ఆ సంగతి ఆమె పైకి చెప్పుకోదు గానీ లోపల కాస్త గర్వమే.

కిందటేడు సీజను చివర్లో ఒక పెద్దాయన మెట్ల మీద ఆగి ఆ నోట్‌బుక్‌లోకి తొంగి చూశాడు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. లీగులో స్కోరు బల్ల దగ్గర కూర్చుంటాడు.

"ఎవరు నేర్పారమ్మా నీకిది?"

"ఎవరూ నేర్పలేదండీ. చూసి చూసి వచ్చేసింది."

"మాకు మనుషులు చాలట్లేదు తల్లీ. పరీక్ష రాస్తావా?"

రాసింది. మూడు వారాల శిక్షణకు వెళ్ళింది. ఆఖర్న ఒక ఫారం ఇచ్చారు. అందులో తొమ్మిదో ప్రశ్న: ఏ జట్టు మీదైనా ప్రత్యేకమైన అభిమానం ఉందా? వదిన కలం అక్కడ ఆగింది. ఉందని రాస్తే మళ్ళీ పైవరసలో కూర్చోవాలి. లేదని రాస్తే నెట్టుకు నాలుగడుగుల దూరంలో, ఆ పిల్లల బూట్లు కీచుమనే చప్పుడు కూడా వినిపించే చోట కూర్చోవచ్చు. జన్మలో పెద్దగా అబద్ధమాడి ఎరగని మనిషి "లేదు" అని రాసి, కింద సంతకం కూడా గబగబా గీకేసింది.

"నీ మొహం చూస్తే ఎవరైనా కనిపెట్టేస్తారు" అంది ఆడపడుచు. "అయినా అంత దగ్గరగా కూర్చుని చప్పట్లు కొట్టకూడదంటే ఎలా వదినా? నావల్ల కాదు తల్లీ, ఉడికిపోతాను."

"నువ్వు మాత్రం అక్కడ నన్ను వదినా అని పిలిచావో, చంపేస్తా."

"అబ్బే. నువ్వెవరో నాకు తెలీనే తెలీదు."

ఆ సీజనంతా వదిన అలాగే గడిపింది. మొహం రాయిలా పెట్టుకోవడం నేర్చుకుంది. మన పిల్లలు పాయింటు కొడితే బల్ల కింద బూట్లలో కాలివేళ్ళు ముడుచుకునేది, పోగొట్టుకుంటే చెంపను లోపలి నుంచి కొరుక్కునేది. ఇంటికెళ్ళి కారపు ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ చెంప భగ్గున మండేది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆమెకు పట్టుకున్న భయం ఒక ఎత్తు. తనకు తెలియకుండానే ఎక్కడ మనవాళ్ళకు మేలు చేసేస్తానో అని. అందుకని అవతలి జట్టు వరసను ఒకసారి చూస్తే పసుపు జట్టు వరసను రెండుసార్లు చూసేది. సొంత పిల్లకు అందరి ముందూ రెండు దెబ్బలు ఎక్కువే వేసే టీచరమ్మ ఉంటుంది చూడండి, అలా తయారైంది.

ఆ ఏడు జట్టుకు ఏలిననాటి శని పట్టినట్టుంది. లీగులో ఎనిమిది జట్లు. ఆఖరిదాన్ని పంపించేస్తారు. వరసగా మూడు మ్యాచులు పోయాయి, ఒకటి గెలిచారు, మళ్ళీ రెండు పోయాయి. జట్టును నడిపే కంపెనీవాళ్ళు పేపర్లో తేల్చి చెప్పేశారు: కిందికి పడితే ఇక జట్టే ఉండదు, ఆటగాళ్ళెవరి దారి వారిదే. ఆ వార్త చదివిన రోజు వదిన ఒక గొట్టానికి లేబులు అంటించబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, పేరు ఆరుసార్లు చదువుకుంది.

చివరి మ్యాచు నీలం జట్టుతో పడింది. పట్టికలో అట్టడుగున ఆ రెండే మిగిలాయి. గెలిచినవాళ్ళు ఉంటారు, ఓడినవాళ్ళు పోతారు. అంతే, మధ్యేమార్గం లేదు.

ఆదివారం మధ్యాహ్నం. హాలు కిటకిటలాడుతోంది. వదిన మెడలో కార్డు వేసుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఎడమ పక్కన డ్రిల్లు మాస్టారు. ఎదురుగా రెండో వరసలో ఆడపడుచు, మొహానికి పసుపు రంగు పూసుకుని, చేతిలో వ్యానుకు కట్టే పాత హారన్ పట్టుకుని. వాళ్ళిద్దరి చూపులూ ఒకసారి కలిశాయి. ఆడపడుచు ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు తల తిప్పుకుంది. అతి చేస్తోందనుకుంది వదిన.

మొదటి సెట్టు మనది. రెండోది వాళ్ళది. మూడోది వాళ్ళది. నాలుగోది చచ్చీచెడీ మనది. ఐదో సెట్టు పదిహేను పాయింట్లకే. అందులో పొరపాటుకు చోటుండదు.

ఇక్కడ ఆట గురించి ఒక్క ముక్క చెప్పుకోవాలి. సర్వీసు ఎవరికి తోచినట్టు వాళ్ళు చేయడానికి లేదు. ఆరుగురికీ వరస ఉంటుంది. అవతలివాళ్ళు సర్వీసు పోగొట్టుకున్నప్పుడల్లా ఇవతల వరసలో తర్వాతి మనిషి వెళ్ళి బంతి వేయాలి. వరస తప్పి వేస్తే పాయింటు పోతుంది. ఆ వరసకు కాపలా బల్ల మీది కాగితం. ఒక్కొక్కరికి ఒక గడి. వాళ్ళ సర్వీసు అయిపోగానే ఆ గడిలో అంకె వేసి, కిందికి జరగాలి. కాగితంలో ఏముంటే అదే జరిగినట్టు.

పదకొండు-పదకొండు. సర్వీసు నీలం వాళ్ళది. బంతి అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. పద్నాలుగో నంబరు గాల్లోకి లేచి లాగి కొట్టింది. బంతి నేలకు తగిలింది. ఆ వెంటనే పద్నాలుగు కూడా మడమ వంకర పెట్టి దిగి, కూలబడింది. కింద పడ్డ పిల్ల రెండు చేతుల్తో చీలమండ పట్టుకుంది. హాలంతా ఒక్కసారి అయ్యయ్యో అంది. వదిన పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ పిల్ల లేచింది. కుంటింది. ఏం ఫర్లేదని చెయ్యి ఊపింది. నాలుగడుగులు వేసి మళ్ళీ కుంటింది. ఈలోగా సర్వీసుకు వెళ్ళింది జట్టు కెప్టెను; లీగు రాకముందు నుంచీ, పదకొండేళ్ళుగా ఆడుతోంది, అభిమానులంతా పెద్దక్క అంటారు. ఒక్కటే సర్వీసు. వాళ్ళు తీసి, వెంటనే తిప్పి కొట్టేశారు. పన్నెండు-పన్నెండు. మొత్తం ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. వదిన చెయ్యి రెండు పాయింట్లూ వేసింది. కళ్ళు మాత్రం ఆ చీలమండ మీదే ఉండిపోయాయి.

నీలం వాళ్ళు ఇంకొకటి కొట్టారు. పదమూడు-పన్నెండు. తర్వాత పెద్దక్క వేళ్ళ చివర్నుంచి బంతి ఒకటి నెట్టు మీదుగా మెల్లగా జారి అవతల పడింది. పదమూడు-పదమూడు. సర్వీసు మనది.

ఆరో నంబరు బంతి పట్టుకుని గీత దగ్గరికి నడిచింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, జట్టులోకి కొత్తగా వచ్చింది. ఆడపడుచు దాన్ని "మన బుడ్డది" అంటుంది. వదిన అలవాటు ప్రకారం కాగితం చూసింది. మళ్ళీ చూసింది. కాగితంలో ఆరో నంబరు గడికి పైనున్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. అంటే ఇప్పుడు పెద్దక్క వంతు. వీళ్ళు వరస తప్పుతున్నారు!

నియమం ఏమిటంటే ముందే హెచ్చరించకూడదు. బంతి చేతికి తగిలేదాకా ఆగి, అప్పుడు బల్ల మీదున్న బెల్లు నొక్కి ఆట ఆపాలి. వదిన వేలు బెల్లు మీద పెట్టుకుని కూర్చుంది. చూడవే పిల్లా, వెనక్కి తిరుగు, బంతి మీ అక్కకివ్వవే, అని లోపల కోటి దణ్ణాలు పెట్టుకుంది. నొక్కకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఒళ్ళు మండింది ఆమెకు. దీనికోసమేనా ఆ ఫారం మీద అబద్ధం రాసింది?

బుడ్డది బంతి ఎగరేసి కొట్టింది, వదిన వేలు బెల్లు నొక్కింది. బంతి నెట్టు దాటి ఊగుతూ వెళ్ళి నీలం వాళ్ళ చేతులకు తగిలి, పక్కకు చీలి, మూడో వరస కుర్చీల్లో పడింది. హాలు పైకప్పు ఎగిరిపోయేంత కేక. ఆ కేక వెనకాలే మోగుతున్న బెల్లు అప్పుడు వినిపించింది అందరికీ.

కింద నిలబడే రిఫరీ మేడమ్ వచ్చింది. వదిన కాగితం చూపించింది. పెద్దక్క పరిగెత్తుకొచ్చి, "నేను ఇందాకే వేశాను మేడమ్, నా వంతు అయిపోయింది!" అంది. మేడమ్ వేలితో ఖాళీ గడి చూపించి, "మీ సర్వీసు ఇందులో లేదమ్మా" అంది. అంతే. పాయింటు నీలం వాళ్ళకు. పద్నాలుగు-పదమూడు. ఇంకొక్కటి కొడితే మ్యాచు వాళ్ళది.

అప్పుడు రెండో వరసలోంచి లేచింది ఆ గొంతు.

"వదినా! నీకేం పోయేకాలం వదినా! మన టీమ్‌కా బెల్లు కొట్టేది!"

హాలు మొత్తం విన్నది. ఇటువైపు నీలం కోచ్ విన్నాడు, రిఫరీ విన్నది, మాస్టారు విన్నాడు. అందరూ ఒకసారి ఆ పసుపు మొహాన్ని చూసి, తర్వాత బల్ల దగ్గరున్న ఈ మొహాన్ని చూశారు. వదినకు భూమి చీలితే బాగుండుననిపించింది. కానీ ఎవరూ తిట్టలేదు. నీలం కోచ్ ఆమెవైపు చూసి తల పంకించాడు. రిఫరీ మేడమ్ కళ్ళల్లో ఒక గౌరవం కనబడింది. మాస్టారు ఆమె చెవి దగ్గరికి వంగి, "సొంత మనుషులైనా తప్పుని తప్పనే అన్నావు. శభాష్ తల్లీ. నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు" అన్నాడు.

పసుపు కోచ్ ముప్ఫై సెకన్ల విరామం అడిగింది.

పొగడ్త ఒంటికి పట్టలేదు వదినకు. పెద్దక్క మొహమే కళ్ళముందు ఆడుతోంది. ఆరేళ్ళలో ఆ మనిషి రిఫరీతో వాదించగా ఆమె చూడలేదు. ల్యాబ్‌లోనైతే అనుమానం వస్తే ఏం చేస్తుంది? పేరు పక్కనపెట్టి, గొట్టాలు లెక్కపెడుతుంది. కాగితం దగ్గరికి లాక్కుని లెక్కపెట్టింది. నీలం వాళ్ళు సర్వీసు ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు? ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాళ్ళు పోగొట్టుకున్నప్పుడల్లా అది మనకే రావాలి. మరి మనకు ఎన్నిసార్లు వచ్చినట్టుంది? ఎనిమిదో నంబరు, పదకొండో నంబరు, ఇప్పుడిది. మూడు.

ఇంకోసారి లెక్కపెట్టింది. నాలుగు. మూడు.

పద్నాలుగు పడిపోయింది. పెద్దక్క సర్వీసు చేసింది. పాయింట్లు వేసింది తనే, గడి మరిచిపోయిందీ తనే. పిల్లలు వరస తప్పలేదు. వాళ్ళ పాయింటు తన చేత్తో తీసి అవతలివాళ్ళ చేతిలో పెట్టింది.

ముప్ఫై సెకన్లలో పదిహేను అయిపోయాయి. ఇప్పుడు బెల్లు నొక్కితే? ఆడపడుచు అరిచింది, వదినగారు మాట మార్చింది అంటారు. హాలంతా విన్నాక ఇంకెవడు నమ్ముతాడు? ఇందాకటి శభాష్ మట్టిలో కలుస్తుంది. ఫారం సంగతి బయటికొస్తుంది. మళ్ళీ ఈ కుర్చీ కాదు గదా, ఈ హాలు గుమ్మం తొక్కనిస్తారో లేదో. నొక్కకపోతే? నొక్కకపోతే ఎవరికీ తెలియదు. నిప్పులాంటి మనిషి అని పేరు నిలబడుతుంది. పిల్లలు మాత్రం చేయని తప్పుకు ఊరు వదిలిపోతారు.

నిజంగా భయపడింది వదిన. ఇంత భయం ఆమెకు పురుడు పోసుకున్నప్పుడు కూడా లేదు. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుంది. ఆటగాళ్ళు లోపలికి వస్తున్నారు. నీలం పిల్ల బంతి అందుకుంది.

వదిన బెల్లు నొక్కింది.

"మళ్ళీ ఏమైంది?" అంది రిఫరీ మేడమ్.

"తప్పు నాదండీ. వాళ్ళు వరస తప్పలేదు. కెప్టెన్ సర్వీసు చేసింది, నేనే రాయలేదు. చూడండి, నీలం వాళ్ళకి నాలుగు సర్వీసులు పోయాయి, పసుపు వాళ్ళకి మూడే వచ్చాయి. ఒకటి తక్కువుంది."

మేడమ్ వంగి లెక్కపెట్టింది. మాస్టారు కూడా మెడ చాచి లెక్కపెట్టాడు. ఆయన మొహం పాలిపోయింది.

నీలం కోచ్ అప్పటికే వచ్చేశాడు. "ఏంటండీ ఈ నాటకం? వాళ్ళ మనిషి అరవగానే లెక్క మారిపోయిందా? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈవిడని బల్ల దగ్గర కూర్చోబెట్టిందెవరు?"

"లెక్క సరిగ్గానే ఉంది" అంది మేడమ్ నెమ్మదిగా. "కానీ ఎలా మరిచిపోయారు?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. కళ్ళద్దాలు జారాయనో, కలం ఆగిపోయిందనో. వదినకు ఆ ఓపిక కూడా లేకపోయింది.

"పద్నాలుగో నంబరు పడిపోయిందండీ. కాగితం చూడాల్సినప్పుడు ఆ పిల్లని చూశాను. నేను పసుపు జట్టు మనిషినండీ. ఆరేళ్ళ నుంచి. ఫారంలో అబద్ధం రాశాను."

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. నీలం కోచ్ రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు.

"విన్నారా! ఒక్క మాట చెప్పమ్మా. ఇదే తప్పు మీవాళ్ళకి కలిసొచ్చుంటే? అప్పుడూ ఇలాగే నొక్కేదానివా?"

వదిన ఆ మాటకు నిజంగా ఆలోచించింది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"నొక్కేదాన్నో లేదో తెలీదండీ" అంది. "ఇప్పుడైతే నొక్కాను."

ఇద్దరు రిఫరీలూ మాట్లాడుకున్నారు. ఇచ్చిన పాయింటు వెనక్కి తీసేశారు. పదమూడు-పదమూడు, సర్వీసు మళ్ళీ మొదటి నుంచి. బుడ్డది కొట్టిన ఆ మంచి సర్వీసు మాత్రం లెక్కలోకి రాదు. బెల్లు మోగింది కాబట్టి ఆట అక్కడితో ఆగినట్టే. మేడమ్ చెయ్యి చాచింది. వదిన మెడలో కార్డు తీసి ఇచ్చింది. కలం మాస్టారు అందుకున్నాడు, ఆమె మొహం చూడకుండానే.

ఆమె మెట్లెక్కి రెండో వరస దగ్గరికి వెళ్ళి నిలబడింది. మరెక్కడికి పోతుంది? ఆడపడుచు పక్కకి జరగలేదు, వెళ్ళమనీ అనలేదు.

కింద బుడ్డది బంతి పట్టుకుని గీత దగ్గర నిలబడింది. ఈల మోగింది. పిల్ల వేయలేదు. తల తిప్పి స్కోరు బల్లవైపు చూసింది, నేనేనా, నా వంతేనా అన్నట్టు. మాస్టారు తల వంచుకుని రాసుకుంటున్నాడు. పెద్దక్క, "వెయ్యవే, నువ్వే!" అని అరిచింది. పిల్ల ఎగరేసి కొట్టింది. బంతి వెళ్ళి నెట్టు నడిమధ్య తగిలి, ఇవతలే పడింది.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పద్నాలుగు-పదమూడు. నీలం వాళ్ళ సర్వీసు. మనవాళ్ళు తీశారు. పెద్దక్క లేపింది. కుంటుతూనే పద్నాలుగు ఎగిరింది. అవతల నాలుగు చేతులు గోడకట్టాయి. బంతి ఆ చేతులకు కొట్టుకుని అదే పిల్ల కాళ్ళ దగ్గర పడింది.

అయిపోయింది. జట్టు లేదు.

ఆడపడుచు హారన్ కింద పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. మొహం మీది రంగు కారి చొక్కా పాడైంది. వదిన భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించేసింది.

"నీతో మాట్లాడను. జన్మలో మాట్లాడను. ఆ పాయింటు పాయింటే వదినా! నువ్వు నొక్కకపోయుంటే పద్నాలుగు మనవి!"

"అవును" అంది వదిన.

"అవునంటావేంటి? ఏదో ఒకటి సర్దిచెప్పు!"

"ఏం సర్దిచెప్పనే? అవును కాబట్టి అవునంటున్నా."

ఆడపడుచు ముక్కు చీది, "పోనీ ఎటూ వెళ్ళిపోకు. ఇక్కడే ఏడువు" అంది.

వదినకు ఏడుపు రాలేదు. ఆమె కిందికి చూస్తోంది. నీలం వాళ్ళు ఒక మూల గెంతుతున్నారు. ఇంకో మూల పసుపు పిల్లలు గుంపుగా కూలబడ్డారు. బుడ్డది మాత్రం వాళ్ళలో లేదు. గీత దగ్గరే, తను సర్వీసు చేసిన చోటే, తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చుంది. ఎవరెవరో వచ్చి వీపు నిమిరి వెళ్తున్నారు. పెద్దక్క వచ్చి లేపబోయింది. తువ్వాలు అడ్డంగా ఊగింది. ఖాళీ అవుతున్న హాల్లో ఆ పిల్ల మాట పైదాకా వినిపించింది. "నావల్లే అక్కా. వరస తప్పింది నేనే. నావల్లే."

వదిన మెట్లు దిగింది. అడ్డుకర్ర దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, ఇక లోపలికి వెళ్ళకూడదు మీరు."

"ఒక్క మాట చెప్పి వచ్చేస్తానయ్యా."

"కార్డుంటేనే అమ్మా."

పైనుంచి ఉరిమింది ఆడపడుచు. "ఒరే నాయనా, ఆవిణ్ణి వదులు! ఇంకేం మిగిలిందని కాపలా కాస్తున్నావు!"

అతను ఉలిక్కిపడి చెయ్యి తీశాడు.

వదిన వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. మోచేతుల మీద ఎర్రగా దోక్కుపోయి ఉంది. మరీ చిన్నపిల్ల.

"అమ్మాయ్. నువ్వు వరస తప్పలేదు."

తువ్వాలు కదలలేదు. "అందరూ అదే అంటున్నారు."

"వాళ్ళు ఓదార్చడానికి అంటున్నారు. నాకు తెలిసి చెప్తున్నా. కాగితం తప్పు రాసింది నేనే."

పిల్ల తువ్వాలు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. బల్ల దగ్గరి మనిషిని అప్పుడు గుర్తుపట్టింది.

"ఆ మొదటి సర్వీసుని వాళ్ళెవరూ తీయలేకపోయారు" అంది వదిన. "అది పాయింటే. నేను నొక్కకపోయుంటే పద్నాలుగు మీవి."

"రెండోది నెట్టుకి కొట్టాను కదా."

"నీ చేత రెండోది వేయించింది ఎవరు? నేను. అంత మంచి సర్వీసు వేశాక మళ్ళీ వెయ్యమంటే ఎవరి చెయ్యి వణకదు? అది నీ తప్పు కాదు, నాది."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా. పిల్ల తిట్టలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నా వరస కరెక్టే కదా?" అంది.

"కరెక్టే."

"నా సర్వీసు పాయింటే కదా?"

"పాయింటే."

"మావాళ్ళకి చెప్తారా?" అంది పిల్ల లేస్తూ. "నేను చెప్తే నమ్మరు. ఊరుకోబెడుతున్నారు నన్ను. నాకు ఊరుకోబెట్టడం వద్దు."

వదిన జవాబు చెప్పేలోపే ఆ పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది. బంతులు కొట్టి కొట్టి గట్టిపడిన చెయ్యి. పట్టు విడిపించుకునేలా లేదు. అలాగే లాక్కెళ్ళి, గుంపు మధ్యలో నిలబెట్టింది. చీలమండకు మంచుగడ్డ కట్టుకున్న పద్నాలుగు తలెత్తింది. ఎనిమిది, పదకొండు తలెత్తాయి. పెద్దక్క లేచి నిలబడింది. ఒక్కొక్కరిదీ నడక చూసి చెప్పగలదు వదిన, ఎవరికి ఏ భుజం నొప్పో చెప్పగలదు. వాళ్ళలో ఏ ఒక్కరికీ ఆమె తెలియదు.

"అక్కా, ఈవిడ చెప్తుంది వినండి" అంది బుడ్డది. "చెప్పండి."

వదిన వాళ్ళందరి మొహాలూ ఒకసారి చూసి, మొదటి నుంచీ చెప్పింది.